విత్తనం దగ్గర ఎన్ని డిగ్రీలు?

న్యూజెర్సీలో గానీ ఇంగ్లండ్‌లో గానీ పెరట్లో వంకాయలు కాయించుకోవాలనుకునే తెలుగువాళ్లకు పని చలికాలం పోకముందే మొదలవుతుంది. వంగ, మిరప విత్తిన దగ్గర్నుంచి బయట నాటే ఈడుకు రావడానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. గడ్డకట్టే చలి భయం న్యూజెర్సీ మధ్యభాగంలో ఏప్రిల్ ఆఖరుకో మే మొదట్లోనో గాని వదలదు. అప్పటిదాకా ఆగి విత్తితే కాపు అందుకునే వేళకు మళ్లీ చలి వచ్చేస్తుంది. కాబట్టి నారు ఇంట్లోనే పోసుకోవాలి. ఇంట్లోనేమో పగలు 19, 20 డిగ్రీలు. కిటికీ గట్టు మీద రాత్రికి అది 14కు దిగుతుంది. వంగ విత్తు ఆ చల్లదనంలో వారాల తరబడి ఉలకదు, పలకదు.

దీనికి అక్కడి తోటమాలులు చాలాకాలంగా వాడుతున్న సాధనం ప్రాపగేటర్. అడుగున సన్నటి కరెంటు తీగ పరిచిన ప్లాస్టిక్ పళ్లెం, పైన వెలుతురు పారే మూత, మధ్యలో విత్తనాల ట్రే. ఇంతే దాని నిర్మాణం. అమెరికాలో ఇదే పనిని రబ్బరు చాపలాంటి హీట్ మ్యాట్ చేస్తుంది. కొన్నవాళ్లందరికీ మొదటిరోజే వచ్చే సందేహం ఒకటే: ఎంత మీద పెట్టాలి? విత్తనాల ప్యాకెట్ 70 నుంచి 85 ఫారెన్‌హీట్ అంటుంది, అంటే 21 నుంచి 29 డిగ్రీల సెల్సియస్. ఒకరు 30 అంటారు, మరొకరు 25 చాలంటారు, ఇంకొకరు అసలు వేడే వద్దంటారు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. ఈ మాటల వెనక నూటఅరవై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. దాన్ని ఒకచోట చేర్చి చూస్తే నాకు అర్థమైంది ఇది: నారు పాడవడానికి అంకె తప్పు కావడం కంటే, ఆ అంకెను ఎక్కడ కొలిచారు, ఎన్నాళ్లు కొనసాగించారు అన్నవే పెద్ద కారణాలు. ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

విత్తుకూ వేడికీ ఉన్న లెక్కను మొదట కాగితం మీద పెట్టినవాడు జర్మన్ వృక్షశాస్త్రవేత్త యూలియస్ ఫాన్ జాక్స్. 1860లో ఆయన ప్రతి విత్తనానికీ మూడు హద్దులున్నాయని చూపాడు. ఒకటి, అంతకన్నా చల్లబడితే మొలవని కనిష్ఠం. రెండు, అంతకన్నా వేడెక్కితే మొలవని గరిష్ఠం. మూడు, ఆ రెంటి నడుమ అన్నిటికన్నా వేగంగా మొలిచే అనుకూల ఉష్ణోగ్రత. విత్తు నీళ్లు పీల్చుకోగానే లోపలి ఎంజైములు నిల్వ ఉన్న పిండినీ నూనెనూ కరిగించి పిండానికి అందించాలి. ఆ పని వేడితో పాటు జోరందుకుంటుంది. హద్దు దాటితే ఆ ఎంజైములే దెబ్బతింటాయి, కణాల పొరలు చెడతాయి. అనుకూలం నుంచి గరిష్ఠానికి దూరం తక్కువ. అందుకే చల్లదనం వైపు జరిగే పొరపాటు సాధారణంగా ఆలస్యంతో సరిపోతుంది, వేడి వైపు జరిగేది విత్తనాన్నే మింగేస్తుంది.

తర్వాతి పెద్ద అడుగుకు మన సజ్జ గింజ ఆధారమైంది. 1982లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్సియా-హ్యుడోబ్రో, జాన్ మాంటీత్, స్క్వైర్ సజ్జ విత్తనాలను రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర మొలకెత్తించి, మొలిచే వేగం కనిష్ఠం నుంచి అనుకూలం దాకా సరళరేఖలా పెరుగుతుందని, అక్కడి నుంచి అంతే తిన్నగా పడిపోతుందని చూపారు. అంటే విత్తు రోజులు లెక్కపెట్టుకోదు. కనిష్ఠానికి పైన తనకు అందిన డిగ్రీలను రోజురోజుకూ కూడబెట్టుకుంటుంది, ఆ మొత్తం ఒక అంకెకు చేరగానే మొలుస్తుంది. మాంటీత్ 1987లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు వచ్చి కొన్నేళ్లు పనిచేశాడు. మెట్ట పైర్ల ఎదుగుదలను వేడితో, నీటితో ముడిపెట్టి చూసే పద్ధతికి ఆయన పేరు బాగా పరిచయం.

ఈ సిద్ధాంతాన్ని మిరప మీద పెట్టి చూడండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో హారింగ్టన్ అనే శాస్త్రవేత్త కూరగాయల విత్తనాలను వేర్వేరు నేల వేడిమిలో మొలకెత్తించి 1950ల్లో పట్టికలు తయారుచేశాడు. ఇవాళ్టికీ ప్రపంచంలో విత్తనాల వేడి గురించి ఎవరు రాసినా ఎక్కువగా వాటి నుంచే తీసుకుంటారు. ఆ పట్టికలో మిరప 15 డిగ్రీల దగ్గర 25 రోజులకు, 20 దగ్గర పన్నెండున్నర రోజులకు, 25 దగ్గర సుమారు 8.4 రోజులకు మొలిచింది. 10 డిగ్రీల దగ్గర ఇంచుమించు మొలవనేలేదు. ఆ పదిని కనిష్ఠంగా తీసుకుని గుణించండి. 15 దగ్గర మిగులు 5 డిగ్రీలు, ఇంటూ 25 రోజులు, 125. 20 దగ్గర మిగులు 10, ఇంటూ పన్నెండున్నర, మళ్లీ 125. 25 దగ్గర మిగులు 15, ఇంటూ 8.4, 126. ఇంత చక్కగా కుదిరే లెక్కలు సేద్యంలో అరుదు. మిరప విత్తుకు కావలసింది పదికి పైన 125 డిగ్రీ-రోజులు.

ఇదే లెక్కను 30 దగ్గరకు తీసుకెళ్తే మిరప ఆరుంపావు రోజులకే మొలవాలి. పట్టికలో ఉన్నది 7.6 రోజులు. 35 దగ్గరైతే వెనక్కి తిరిగి 8.8 అయింది. అంటే 25 దాటాక మనం పెడుతున్న కరెంటుకు విత్తు ఇచ్చే జవాబు సన్నగిల్లుతూ వస్తుందన్నమాట. వేగం సంగతి అలా ఉంచి మొలక శాతం చూడండి. 25 దగ్గర నూటికి 98 మొలిచిన మిరప విత్తనాలు 35 దగ్గర 70కి పడిపోయాయి. టమాటా దగ్గర ఇది ఇంకా స్పష్టం. 25లోనూ 30లోనూ అది మొలిచింది ఇంచుమించు ఆరు రోజులకే. కానీ మొలిచినవి 25 దగ్గర నూటికి 97, 30 దగ్గర 83, 35 దగ్గర 46. ఐదు డిగ్రీలు పెంచితే ఒక్క రోజూ కలిసిరాలేదు, పద్నాలుగు మొక్కలు పోయాయి.

చాలా రాతల్లో జారిపోయే విషయం ఇక్కడే ఉంది. అనుకూల ఉష్ణోగ్రత అని ప్యాకెట్ల మీద అచ్చయ్యే అంకె తరచుగా వేగానికి సంబంధించినది. ఎక్కువ విత్తనాలు మొలవాలంటే కావలసిన అంకె వేరే, అది దాదాపు ఎప్పుడూ కొంచెం కిందనే ఉంటుంది. విత్తనాలు కొల్లలుగా ఉన్న నర్సరీవాడికి వేగం ముఖ్యం కావచ్చు. ఊరి నుంచి అమ్మ కాగితంలో చుట్టి పంపిన పదిహేను గుత్తొంకాయ విత్తనాలున్నవాళ్లకు ప్రతి విత్తూ ముఖ్యమే. అందుకే ఇంటి నారుకు 30 పెట్టమనే సలహాను నేను ఒప్పుకోను. మిరప, టమాటాలకు 25. వంగకు 26, 28. అంతకుమించి కోరితే చేతికొచ్చేది ఒకటి రెండు రోజులే.

రాత్రిపూట వేడి తగ్గితే ఏమవుతుందన్నది అందరినీ పట్టి పీడించే దిగులు. ఏమీ కాదు, పైగా కొన్నిటికి అదే మేలు. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం ఇస్టా 1924లో ఏర్పడింది. దేశదేశాల ప్రయోగశాలలు దాని నియమాల ప్రకారమే విత్తనాల మొలక శాతం తేలుస్తాయి. ఆ నియమాల్లో టమాటా, వంగ, మిరపలకు చెప్పిన ఉష్ణోగ్రత ఒకే అంకె కాదు, రెండు అంకెల జంట: రోజులో పదహారు గంటలు 20, ఎనిమిది గంటలు 30. నేలలో పైపైన పడ్డ విత్తనానికి పగలు ఎండ, రాత్రి చల్లదనం తగులుతాయి. ఆ ఎగుడుదిగుడును గుర్తుపట్టి మొలిచే గుణం చాలా విత్తనాల్లో మిగిలి ఉంది. వంగలో అది బాగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచిన వంగ విత్తనాల కంటే ఇలా మారే వేడిలో ఉంచినవి ఎక్కువగా, ఒకేసారి మొలుస్తాయి. మిరప లెక్కలో పెట్టి చూసినా నష్టం చిన్నదే. పదహారు గంటలు 25, రాత్రి ఎనిమిది గంటలు 18 అయితే సగటు ఇరవై రెండున్నర పైచిలుకు, మొలక పదో రోజుకు వస్తుంది. పోయింది ఒకటిన్నర రోజు. అసలు మ్యాటే లేకుండా పగలు 19, రాత్రి 14 ఉన్న కిటికీ దగ్గర అదే విత్తు పదిహేడు రోజులు తీసుకుంటుంది, అప్పటికి కొన్ని కుళ్లి కూడా పోతాయి.

వేడి వద్దనేవాళ్ల మాట ఎక్కడ నిజమో కూడా హారింగ్టన్ పట్టికే చెబుతుంది. లెట్యూస్ ఆకు విత్తనాలు సున్నాకు దగ్గరి చలి నుంచి 25 దాకా నూటికి 98, 99 మొలిచాయి. 30 దగ్గర మొలిచింది నూటికి పన్నెండు. ఐదు డిగ్రీల తేడాతో తలుపు మూసుకున్నట్టే. ఎండాకాలపు పొడి నేలలో మొలిచి చచ్చే ప్రమాదం నుంచి విత్తనాన్ని కాపాడే అడ్డుకట్ట అది. విదేశీ పాలకూర స్పినాచ్ సంగతి ఇంకా విచిత్రం. 25 దగ్గర అది ఐదు రోజులకే తలెత్తింది, కానీ మొలిచింది నూటికి 28. 10 దగ్గర పన్నెండు రోజులు తీసుకుని 91 మొలిచింది. వేగం చూసి వేడి పెట్టినవాడికి పావు వంతు దక్కింది, చలిలో వదిలేసినవాడికి పంటంతా దక్కింది. కొత్తిమీర కూడా ఈ చల్లదనపు వర్గంలోదే, గది వేడి చాలు, మ్యాట్ అక్కర్లేదు.

మన విత్తనాల దుకాణాల్లో పాలకూరగా అమ్మే గరుకు ముళ్ల గింజ మాత్రం వేరు. అది బీట్‌రూట్ జాతికే చెందిన ఆకుకూర, ఒక్కో గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. బీట్ విత్తనం 30 దగ్గర నాలుగున్నర రోజులకు హాయిగా మొలుస్తుంది. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న పాలకూర విత్తనాలకు స్పినాచ్ పట్టిక చూసుకుని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు అనవసరంగా రోజులు పోగొట్టుకుంటున్నారు.

ఇక వేడీ చలీ ఒకదాని వెంట ఒకటి కావాలనే విత్తనాలు. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పిన నార్మన్ డెనో వేల జాతుల విత్తనాలను తడి కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కొన్నిటిని గది వేడిలో, కొన్నిటిని ఫ్రిజ్ చలిలో, కొన్నిటిని ఒకదాన్నుంచి ఒకదానికి మారుస్తూ చూశాడు. చల్లటి దేశాల అడవి పూలకు, కొండ మొక్కలకు ఆయన పుస్తకం ఇప్పటికీ దిక్కు. కూరగాయలవాళ్లకు అందులో పనికొచ్చేది ఆ తడి కాగితం పద్ధతే. పాత విత్తనాల్లో ప్రాణం ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

విత్తుకు వేడి అందించడం మనవాళ్లకు కరెంటుతో వచ్చిన విద్య కాదు. యాసంగి వరికి తెలంగాణ పల్లెల్లో మండె కట్టేది అందుకే. ఒక రోజంతా నానిన వడ్లను గోనెసంచిలో పోసి, మూతి కట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెట్టి ఉంచుతారు. మొలకెత్తే గింజ ఊపిరి తీసుకుంటూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి బయటికి పోకుండా గోనె, గడ్డి కాపు కాస్తాయి. అక్కడ థర్మామీటరు రైతు చెయ్యే. సంచి నడుమకు చెయ్యి దూర్చి, చుర్రుమంటే నీళ్లు చిలకరించి గింజలను తిరగవేస్తాడు. చల్లగా ఉంటే ఇంకో కప్పు గడ్డి వేస్తాడు. మడిలో చల్లిన తర్వాత కూడా డిసెంబరు, జనవరి రాత్రుల్లో నారు ఎర్రబడి ఎదగకపోతే, సాయంత్రం పాలిథిన్ పట్టా కప్పి ఉదయం తీసేయాలని, రాత్రి చల్లబడ్డ నీటిని పొద్దున్నే వదిలేసి కొత్త నీరు పెట్టాలని వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెబుతారు. ఐరోపాలో దీనికి సమానమైనది గుర్రపు లద్దె మడి. కుళ్లే ఎరువు వేడి మీద మట్టి పరిచి, పైన అద్దాలు కప్పి, పందొమ్మిదో శతాబ్దపు పారిస్ తోటలవాళ్లు చలికాలంలో కూరలు పండించారు. కొత్త లద్దె మొదట్లో విత్తనాన్ని ఉడికించేంత వేడెక్కుతుంది కాబట్టి అది దిగేదాకా ఆగి విత్తేవారు. వేడి ఎక్కువ కావడమే ప్రమాదమని వాళ్లకూ మండె కట్టే రైతుకూ ఒకేలా తెలుసు. బొత్తాం నొక్కితే వేడెక్కే పరికరం వచ్చాకే ఆ జాగ్రత్త మరుగున పడింది.

పరికరం గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నారు గెలుపూ ఓటమీ తేలేది ఇక్కడే. థర్మోస్టాట్ లేని మామూలు ప్రాపగేటర్‌కు డిగ్రీలు తెలియవు, వాట్లే తెలుసు. రెండడుగులకు కొంచెం తక్కువ పొడవు, అడుగుకు తక్కువ వెడల్పు ఉండే మ్యాట్ 17 నుంచి 20 వాట్లు తీసుకుంటుంది. అది చేయగలిగింది చుట్టూ ఉన్న గాలి కంటే మట్టిని కొన్ని డిగ్రీలు పైన ఉంచడమే. సాధారణంగా ఐదు నుంచి పది డిగ్రీలు. గది 18 ఉంటే మట్టి 25 అవుతుంది, బాగుంది. చల్లటి గ్యారేజీలో 8 ఉంటే మట్టి 15 దగ్గర ఆగిపోతుంది. అదే మ్యాట్‌ను దక్షిణపు కిటికీ పక్కన పెట్టి మూత వేస్తే, మార్చి ఎండ పడిన మధ్యాహ్నం మూత కిందే 35 దాటుతుంది, దాని మీద మ్యాట్ ఇచ్చేది అదనం. రాత్రి చాలీచాలని వేడి, పగలు ఉడుకుడు. పరికరం కొన్నాం గదా అని ధీమాగా ఉన్నవాళ్ల విత్తనాలు మొలవకపోవడానికి ఈ కిటికీ ఎండే మొదటి కారణమని నా నమ్మకం. మొలిచేదాకా మిరపకూ వంగకూ వెలుతురు అవసరం లేదు. ఎండ పడని మూల చాలు, వంటింటి అలమర పైభాగమైనా చాలు.

థర్మోస్టాట్ ఉంటే సగం చిక్కు తీరుతుంది, ఇంకో సగం దాని తీగ కొసన ఉండే ప్రోబ్ ఎక్కడ పెట్టామన్న దాని మీద ఉంటుంది. థర్మోస్టాట్‌ను 27 మీద పెట్టి ప్రోబ్‌ను మ్యాట్‌కూ ట్రేకూ మధ్య దూరిస్తే, మ్యాట్ ఉపరితలం 27 కాగానే కరెంటు ఆగిపోతుంది, పైన మట్టి మాత్రం 22, 23 దగ్గరే ఉంటుంది. గాలిలో వేలాడదీస్తే దీనికి తలకిందులు. గాలి 27 అయ్యేదాకా మ్యాట్ కాలుతూనే ఉంటుంది, మట్టి ఎక్కడికో పోతుంది. ప్రోబ్ కొస ట్రే నడిమి గుంతలో, విత్తు ఉన్న లోతులో, తడి మట్టిలో పాతుకుని ఉండాలి. అది అక్కడే ఉండేలా తీగను ట్రే అంచుకు టేపుతో అంటించాలి. నీళ్లు చల్లేటప్పుడు ప్రోబ్ జారి బయట పడితే అది చల్లటి గది గాలిని చదువుతుంది, మ్యాట్ ఆగకుండా రాత్రంతా వెలుగుతుంది. ఒక్క రాత్రిలో ట్రే మొత్తం పోయేది ఇలాగే.

మట్టిలో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి విడిగా ఉండడం నా దృష్టిలో ప్రాపగేటర్ కంటే ముఖ్యం. దాన్ని నమ్మొచ్చో లేదో చూడడానికి పొడి చేసిన మంచుముక్కల్లో కాసిని నీళ్లు పోసి ముంచితే సున్నా చూపాలి. దాన్ని తీసుకుని ట్రేలో అక్కడక్కడా గుచ్చి చూడండి. నడిమి గుంతల్లో 26 ఉంటే మూల గుంతల్లో 22 ఉండడం మామూలే. అంచులు పక్కలనుంచి చల్లబడతాయి. మూత మీద పట్టిన చెమట చుక్కలు కూడా ఈ సంగతి చెబుతాయి, ఎక్కడ చిక్కగా ఉంటే ఆ మేర మూత చల్లగా ఉన్నట్టు. ఆ తేడాను తెలివిగా వాడుకోవచ్చు. వంగ, కాకర నడుమ పెట్టి, టమాటా, క్యాబేజీ అంచుల్లో పెట్టాలి. తేడా తగ్గాలంటే మ్యాట్ కింద థర్మోకోల్ పలక వేయాలి, మ్యాట్ పైన వేలి మందాన తడి ఇసుక పరిచి దాని మీద ట్రే పెట్టాలి. ఇసుక వేడిని పక్కలకు పంచుతుంది.

నీళ్లు కూడా ఉష్ణోగ్రతే. మూత తీసి ఉంచిన తడి మట్టి ఉపరితలం ఆవిరి పోవడం వల్ల గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది, పైపైన చల్లిన సన్న విత్తనాలకు తగిలేది ఆ చల్లదనమే. మార్చి నెలలో అక్కడి కొళాయి నీళ్లు ఐదారు డిగ్రీలుంటాయి. వాటిని నేరుగా పోస్తే మ్యాట్ గంటల తరబడి కూడబెట్టిన వేడి ఒక్క చెంబుతో పోతుంది. గోరువెచ్చటి నీళ్లు కింద పళ్లెంలో పోసి మట్టినే పీల్చుకోనివ్వాలి. మొట్టమొదటి తడి విషయంలో ఇది మరీ ముఖ్యం. 1966లో పొలక్, టూల్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు లైమా చిక్కుడు విత్తనాలు నీళ్లు పీల్చుకునే తొలి గంటల్లోనే చలికి దెబ్బతింటాయని చూపారు. ఎండు గింజ కణాల పొరలు ముడుచుకుని ఉంటాయి. చల్లటి నీరు ఒక్కసారిగా చొరబడితే అవి సరిగా విచ్చుకోలేక చీలుతాయి, లోపలి చక్కెరలు బయటికి కారతాయి, ఆ వాసనకు బూజులు చేరతాయి. తర్వాత ఎంత వెచ్చగా ఉంచినా ఆ నష్టం పూడదు. అలసంద, చిక్కుడు, పత్తి లాంటి వేడిదేశాల గింజలను చల్లటి నీళ్లలో నానబెట్టకూడదని చెప్పేది ఇందుకే.

కుళ్లు గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. నారుకుళ్లు తెగులు తేమ వల్ల వస్తుందని అందరూ అంటారు. 1947లో కాలిఫోర్నియాలోనే లీచ్ అనే శాస్త్రవేత్త ఇంకో మెట్టు లోతుకు వెళ్లాడు. విత్తు మొలిచే వేగం, బూజు పెరిగే వేగం, ఈ రెంటిలో ఏది ముందన్నదే తీర్పు చెబుతుందని ఆయన తేల్చాడు. వేడి కోరే పైర్లు చల్లటి మట్టిలో కుళ్లుతాయి, చలి కోరేవి వేడి మట్టిలో కుళ్లుతాయి. కాబట్టి సరైన వేడి ఒక విధంగా మందే. కాకపోతే అది మొలకెత్తే దాకానే. తర్వాత కూడా వెచ్చగా, తడిగా, మూత బిగించి ఉంచితే వేడిలో చెలరేగే పిథియం అనే బూజు జాతులు కాండం మొదట్లో పడతాయి.

ఇంటి నారు ఎక్కువగా చెడిపోయే ఘట్టం ఇదే, మొలిచాక. మిరప మొదట మెడ వంచుకుని మట్టి చీల్చుకు వస్తుంది. కొన్నిటి తలమీద విత్తనపు పొట్టు ఇంకా టోపీలా ఉంటుంది. ఒకటి రెండు అలా కనిపించగానే మురిసిపోయి, మిగిలినవి కూడా రానీ అని మరో వారం అదే వేడిలో, అదే మూత కింద వదిలేస్తాం. ఆ వారంలో ముందు మొలిచినవి దారంలా సాగిపోతాయి. వేడి కాండాన్ని పొడిగిస్తుంది, ఆకు తిండి తయారు చేసుకోవడానికి కావలసిన వెలుతురు మాత్రం మార్చి కిటికీలో చాలదు. 1980ల్లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాయల్ హైన్స్, జాన్ ఎర్విన్ కాండం సాగడం పగటి, రాత్రి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుందని చూపారు. పగలు ఎంత వేడి, రాత్రి ఎంత చలి అయితే కాండం అంత పొడుగు సాగుతుంది. పగటి వేడిని రాత్రికి దగ్గరగా దించితే మొక్క పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పూల నర్సరీలవాళ్లు పొడుగు తగ్గించే మందుల వాడకం తగ్గించి తెల్లవారుజామున గ్రీన్‌హౌస్ చల్లబరచడం ఆ తర్వాతే నేర్చుకున్నారు.

ఇంట్లో చేయవలసింది తేలికే. సగం గుంతల్లో మొలకలు కనబడగానే మ్యాట్ ఆపాలి, మూత తీయాలి, ట్రేను దీపం కిందికి మార్చాలి. టమాటాకు 18 చాలు, మిరప, వంగలకు 20, 21 ఉంటే బాగు. మొలవని గుంతలను కత్తిరించి విడిగా మళ్లీ వేడిలో పెట్టుకోవచ్చు. అందుకే పెద్ద ట్రే కంటే విడదీయగలిగే చిన్న గుంతలు మేలు. మన దగ్గర ప్రోట్రే నర్సరీలవాళ్లు ఇదే పని వేరే రూపంలో చేస్తారు. కొబ్బరిపొట్టులో విత్తిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథిన్ చుట్టి, వేడీ తేమా లోపలే ఉండేలా చేసి, మొలక కనిపించిన రోజే విప్పి నీడవల కింద పరిచేస్తారు. ఒక్కరోజు ఆలస్యమైతే పై ట్రే అడుగుకు తగిలి మొలకల మెడలు వంకర పోతాయని వాళ్లకు తెలుసు. జూలై, ఆగస్టుల్లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప నారుకు వేడి ఇవ్వాల్సిన పని లేదు, తగ్గించడమే పని.

అన్నీ ప్రాపగేటర్‌లోకి ఎక్కించడం కూడా అవసరం కాదు. సొర, బీర, పొట్ల, కాకర, దోస 25 నుంచి 30 మధ్య చకచకా మొలుస్తాయి. వాటిని వంగతో పాటు ఫిబ్రవరిలో పెడితే ఏప్రిల్‌కు తీగలు గదంతా పాకి, వేళ్లు చుట్టుకుపోయి, నాటాక నెలరోజులు కదలవు. బయట నాటడానికి మూడు నాలుగు వారాల ముందు, పెద్ద కప్పులో ఒకటి చొప్పున పెడితే సరిపోతుంది. కరివేపాకు విత్తుకు వేడి కన్నా తాజాదనం ముఖ్యం. పండు గుజ్జు తీసిన వెంటనే విత్తాలి. ఎండబెట్టి దాచినదానిలో జీవం తొందరగా పోతుంది, దానికి ఏ డిగ్రీ పెట్టినా లాభం లేదు.

బెండకు తల్లివేరు లోతుగా దిగుతుంది, కదిపితే అలుగుతుంది. పట్టికలో అది 20 దగ్గర పదిహేడు రోజులు, 30 దగ్గర ఏడు రోజులు తీసుకుంది. న్యూజెర్సీలో మే నెలాఖరుకు, టెక్సాస్‌లోనైతే ఏప్రిల్‌లోనే, మడిలో నాలుగు అంగుళాల లోతున పొద్దున పూట థర్మామీటరు వరసగా కొన్ని రోజులు 20 చూపిస్తే, రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టిన బెండ, గోంగూర విత్తనాలను నేరుగా నేలలోనే వేసుకోవచ్చు.